పరదేశములో పని – కాయక ధర్మము

పని చేయక తినుట దోషమని బసవేశ్వరుడును, ఆయన వెంట నడచిన శరణులును బోధించినారు. పన్నెండవ శతాబ్దమున కల్యాణములోని అనుభవ మంటపమున కూర్చున్నవారిలో బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్ళు పేను నులియ చందయ్య ఉన్నారు. వారి వృత్తులలో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అను భేదము అచ్చట లేదు. చేతిపని శివపూజకు అడ్డు కాదు, అదియే శివపూజ అను భావమునకు కాయకమని పేరు. ఆ కష్టమువలన వచ్చినదానిని తానొక్కడే అనుభవింపక సమాజముతో పంచుకొనుట దాసోహము. ఈ రెండు మాటలు తెలియని వీరశైవ కుటుంబము ఉండదు. ఐతే ఎనిమిది వందల ఏండ్ల తరువాత, ఆ మాటలను నేటి బ్రతుకుతో కలిపి చూచునపుడు ఒక ప్రశ్న ఎదురగుచున్నది. పుట్టిన ఊరిని, ఆలుబిడ్డలను విడిచి, భాష తెలియని ఎడారి దేశమునకు పోయి, పరుని క్రింద చేయు కూలి కాయకమగునా, కాదా?

ఈ ప్రశ్న ఊహలో పుట్టినది కాదు. నిజామాబాదు జిల్లాలో, హైదరాబాదు నుండి నాగపూరు పోవు జాతీయ రహదారిపై, డిచ్‌పల్లికి ఆర్మూరుకు నడుమ జక్రాన్‌పల్లి ఉన్నది. ఆ మండలములోను, దాని చుట్టుపట్లను గల్ఫు దేశములతో సంబంధము లేని ఊరు అరుదు. ఒకడు సౌదీ అరేబియాకు పోయినను, ఖతారుకు పోయినను, మస్కటుకు పోయినను ఊరివారు "దుబాయి పోయినాడు" అనియే చెప్పుకొందురు. 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట ఆ దేశములలో రోడ్లు, ఓడరేవులు, భవనములు కట్టుటకు మనుష్యులు కావలసివచ్చినారు. నాటినుండి ఉత్తర తెలంగాణ పల్లెలనుండి ఈ ప్రయాణము సాగుచునే ఉన్నది. జక్రాన్‌పల్లిలో విమానాశ్రయము కట్టవలెనను ప్రతిపాదన చాలకాలముగా ప్రభుత్వముల ముందున్నది. కాని అది లేనంత మాత్రమున ఇచ్చటివారి ప్రయాణము ఆగలేదు.

ఒకప్పుడు ఈ నేల ఇతరులకు పని చూపినది. మంజీర నదిపై నిజాంసాగరు 1931లో పూర్తియైన తరువాత బోధన్, బాన్సువాడ, వర్ని ప్రాంతములలో కాలువ నీరు పారి చెరకు, వరి పండినవి. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. కృష్ణా గోదావరి జిల్లాల నుండి రైతులు వచ్చి ఇచ్చట భూములు కొని స్థిరపడినారు. శక్కర్‌నగర్ అను పేటయే ఆ కర్మాగారము చుట్టు పెరిగినది. అది 2002లో ప్రైవేటు యాజమాన్యము చేతిలోనికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. ఆర్మూరు వైపు పసుపు, ఎర్రజొన్న పండింతురు. పసుపు దాదాపు తొమ్మిది నెలలు నేలలో ఉండును. త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి అంగడికి తెచ్చిన నాటికి ధర ఎట్లుండునో రైతు ఎరుగడు. బోరు వేసి నీరు పడనిచో ఆ అప్పు వేరుగా మిగులును. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములున్న ఇంట రెండెకరములు అందరికి పని చూపలేవు. కావున గల్ఫుకు పోవువారినెల్ల ధనాశాపరులనుట అన్యాయము. వారిలో పెక్కుమంది పని వెదకుకొనియే పోవుచున్నారు.

దూరదేశమునకు పోవుట తప్పు కాదనుటకు శరణుల చరిత్రయే సాక్ష్యము. కల్యాణము నలుదిక్కుల నుండి వచ్చినవారి పట్టణము. ఆయ్దక్కి మారయ్య, ఆయన ధర్మపత్ని లక్కమ్మ రాయచూరు సీమలోని అమరేశ్వరము నుండి అచ్చటికి చేరినారు. మోళిగె మారయ్య కాశ్మీర దేశపు రాజై యుండియు, రాజ్యమును విడిచివచ్చి, కల్యాణములో కట్టెల మోపులు అమ్మి జీవించినాడని సంప్రదాయము చెప్పుచున్నది. పుట్టిన చోటనే చేసిన పని కాయకము, పరదేశమున చేసిన పని కాదు అని వారెవ్వరును తలంచలేదు. ఇటుక మోయుట, ఇనుప చువ్వలు వంచుట, రోడ్డు ఊడ్చుట, గొర్రెలను కాచుట ఏ దేశమునందైనను గౌరవమైన పనులే. కనుక స్థలమునుబట్టియు, వృత్తినిబట్టియు ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు. మరి దేనినిబట్టి దొరకును?

కాయకమునకు ఒక లక్షణము కలదు. దానిని సాధారణముగా ఎవరును పైకి చెప్పరు. అది ఇష్టపూర్వకముగా చేపట్టినదై ఉండవలెను, ధర్మమునకు భంగము కలిగినపుడు విడువగలిగినదై ఉండవలెను. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో మంత్రిగా పని చేసినాడు. ఆ కొలువును ఆయన చిన్నచూపు చూడలేదు. ఐనను దానిలో నిలుచుట ధర్మము కాదని తోచినపుడు పదవిని, కల్యాణమును విడిచి కూడలసంగమమునకు వెడలినాడు. విడువగలవాడు గనుకనే, కొలువులో ఉన్నంతకాలము ఆయన చేసిన పని కాయకమైనది. విడువజాలనివాని పని ఎంత కఠినమైనదైనను దాస్యమునకు దగ్గరగా పోవును. చేయువాని యోగ్యతకు దీనివలన లోపము లేదు. లోపము వానిని కట్టివేసినవారిది. గల్ఫు పనిని గూర్చి అడుగవలసిన ప్రశ్న కూడ ఇదియే. పోయినవాడు కావలసినపుడు తిరిగి రాగలడా?

రాలేకున్నచో వానిని కట్టివేయు త్రాళ్ళు మూడు. ఒకటి అప్పు, రెండవది పత్రములు, మూడవది సిగ్గు. వీనిలో ఒక్కటి మాత్రమే పరదేశములో పేనబడుచున్నది. మిగిలిన రెండును సొంత ఊరిలోనే సిద్ధమగుచున్నవి.

మొదట అప్పును చూడవలెను. ఒక యువకుడు వీసాకు, ప్రయాణమునకు 1,50,000 రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల మిత్తికి తెచ్చినాడనుకొందము. మొదటి నెల మిత్తియే 4,500 రూపాయలు. అతడు నెలకు 12,000 రూపాయలు ఇంటికి పంపి, అందులో 5,000 ఇంటి ఖర్చునకు పోగా 7,000 అప్పునకు కట్టినను, రెండేండ్లు గడచునప్పటికి ఇంకను దాదాపు 64,000 రూపాయల బాకీ మిగిలియుండును. అప్పు పూర్తిగా తీరుటకు దగ్గర దగ్గర మూడేండ్లు పట్టును. సాధారణముగా ఒప్పందము రెండేండ్లది. అనగా, ఒక్క నెల జీతము ఆగకున్నను, ఒక్క దినము జబ్బు పడకున్నను, అతడు మొదటి ఒప్పందమంతయు అప్పుకొరకే పని చేసినట్లు. జీతము తగ్గించినను, ఒప్పుకొన్న పని గాక వేరు పని చెప్పినను, "నేను పోయెదను" అని చెప్పుటకు అతనికి వీలు లేదు. పూర్వము కోస్తా జిల్లాల నుండి బర్మాకు పోయిన తెలుగు కూలీలు మేస్త్రీ ముందుగా ఇచ్చిన సొమ్మునకు కట్టుబడి పని చేసెడివారు. కాలము మారినది, ఓడ పోయి విమానము వచ్చినది. పని మొదలు కాకముందే చేతులు కట్టుబడుట మాత్రము మారలేదు.

కష్టపడినవానికి ఇతరుడు సొమ్ము ఇచ్చుట న్యాయము. కష్టపడబోవువాడే ఇతరునికి సొమ్ము చెల్లించి కష్టమును కొనుక్కొనుట తలక్రిందుల వ్యవహారము. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడిక, ఉద్యోగము చూపినందుకు సాధారణముగా పనివాని నుండి రుసుము తీసికొనరాదని చెప్పినది. ఐక్య అరబ్ ఎమిరేట్ల 2021 నాటి కార్మిక చట్టము, నియామకపు ఖర్చులను యజమాని పనివానిపై వేయరాదని నిషేధించినది. భారతదేశములో 1983 నాటి ప్రవాస చట్టము క్రింద ఏర్పడిన నియమములు, అనుమతి పొందిన ఏజెంటు తీసికొను సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను మించరాదని నిర్దేశించినవి. ఆ మొత్తము 35,400 రూపాయలగును. అంతమాత్రము అప్పైనచో, పైన చెప్పిన మిత్తికే, పైన చెప్పిన విధముగనే కట్టినను ఆరు నెలలలో తీరిపోవును. మూడేండ్లకు ఆరు నెలలకు నడుమనున్న ఆ కాలము ఒక మనుష్యుని ఆయువులోనుండి తీసికొన్నది.

ఐతే ఏజెంటు చేయు పని కాయకము కాజాలదా? కావచ్చును. ఉన్న పనిని ఉన్నట్లు చెప్పి, ఉన్న జీతమును ఉన్నట్లు చూపి, చట్టము చెప్పిన రుసుము తీసికొని రసీదు ఇచ్చువాడు సమాజమునకు మేలు చేయుచున్నాడు. తోటవాని పనియని చెప్పి ఎడారిలో ఒంటెలకాపరిగా పంపువాడు అబద్ధమును అమ్ముచున్నాడు. వీరిద్దరికిని ఒకే పేరుండుట వలన పల్లెవారు మోసపోవుచున్నారు. కొన్నియెడల మధ్యవర్తి బంధువో, పొరుగువాడో అగుచున్నాడు. అతడును ముందు పోయి వచ్చినవాడే. నమ్మకము వలన కాగితము అడుగరు, అడుగుట మర్యాద కాదనుకొందురు. కాని కాగితము అడుగుట అవిశ్వాసము కాదు. ఇరువురి సత్యమును కాపాడునది అదియే.

పోవువాని యందును ఒక్కొక్కప్పుడు అసత్యము ఉండుట దాచరాదు. విజిటు వీసా మీద పోయి పని వెదకుకొనవచ్చునని, "ఆజాద్ వీసా" దొరకినచో ఎచ్చటనైనను పని చేసికొనవచ్చునని చెప్పిన మాటలను తెలిసియు తెలియకయు నమ్ముదురు. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు దేశములకు పనికి పోవునపుడు ప్రవాసుల సంరక్షణాధికారి అనుమతి పొందవలెనను నియమము వారి రక్షణ కొరకే ఏర్పడినది. ఆ అనుమతితో ప్రవాసీ భారతీయ బీమా ముడివడియున్నది. రెండేండ్లకు 275 రూపాయలు కట్టినచో ప్రమాదములో మరణించినపుడు కుటుంబమునకు 10,00,000 రూపాయలు వచ్చు ఏర్పాటది. సందర్శకునిగా పేరు వ్రాయించుకొని పోయినవానికి ఒప్పందము లేదు, అనుమతి లేదు, ఈ బీమా లేదు. సరిహద్దు వద్ద చెప్పిన చిన్న అసత్యము, ఆపద వచ్చిన దినమున అతనిని సాక్షి లేనివానిగా చేయుచున్నది.

రెండవ త్రాడు పత్రములది. గల్ఫు దేశములలో పనివాని నివాసానుమతి ఒక యజమానితో ముడిపడియుండు పద్ధతిని కఫాలా అందురు. ఆ యజమాని కఫీలు. అతని సమ్మతి లేక వేరొక చోట చేరుటకు గాని, కొన్ని దేశములలో స్వదేశమునకు మరలుటకు గాని వీలులేని కాలముండినది. ఖతారు 2018లో పెక్కుమంది పనివారికి నిష్క్రమణానుమతి అవసరమును తొలగించినది. 2020లో యజమాని సమ్మతి లేక ఉద్యోగము మారుటకు చట్టము చేసినది. 2021 మార్చి నుండి నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనమును అమలుపరచినది. సౌదీ అరేబియా కూడ 2021లో కొన్ని కట్టుబాట్లను సడలించినది. ఇవి మంచి మార్పులు. కాని చట్టము మారిన సంగతి పనివానికి తెలియవలెను, తెలిసినను అడుగు ధైర్యముండవలెను. భారతీయ పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు సొత్తు. దానిని యజమాని దాచుకొను హక్కు లేదు. ఈ ఒక్క మాట తెలియక, ఇచ్చివేసిన పాస్‌పోర్టును తిరిగి అడుగలేక ఉండిపోయినవారున్నారు. తుదకు యజమానిని విడిచి, పత్రములు లేక తిరుగువానిని మనవారు "ఖల్లివెల్లి" అందురు. ఎమిరేట్లు 2018లోను, 2024లోను క్షమాభిక్ష ప్రకటించినపుడు అట్టివారికి దండన లేక ఇల్లు చేరు దారి దొరకినది. ఐనను అట్టి అవకాశము వచ్చినపుడు సైతము కొందరు రారు. దానికి కారణము మూడవ త్రాడు.

అది సిగ్గు. పోయినవాడు ఇల్లు కట్టినచో ఊరంతయు మెచ్చును. చెల్లెలి పెండ్లి చేసినచో పది గ్రామములు చెప్పుకొనును. ఉత్త చేతులతో వచ్చినచో "ఇంతమంది సంపాదించినారు, వీడేమి చేసినాడు?" అని అడుగును. ఆ ప్రశ్నకు భయపడి ఎండలో, అప్పులో, పత్రములు లేని స్థితిలో ఏండ్లు గడపువారున్నారు. ఇచ్చట ఒక సంగతి ఆలోచింపదగినది. 1990 ఆగస్టులో కువైటుపై ఇరాకు దండెత్తినపుడు భారత ప్రభుత్వము లక్షకు పైగా భారతీయులను విమానములలో తీసికొనివచ్చినది. కట్టుబట్టలతో వచ్చినవారిని ఎవరును నిందింపలేదు. 2020లో కరోనా కాలమున వందే భారత్ విమానములలో మరలినవారిని గూర్చియు జనులు జాలి చూపినారు. యుద్ధము వలన, రోగము వలన నష్టపోయినవానికి తప్పు అంటలేదు. మరి అబద్ధపు ఒప్పందము వలన నష్టపోయినవానికి మాత్రము ఎందుకు అంటవలెను? మోసగించినవాడు అంగడిలో తలయెత్తి తిరుగుచుండగా మోసపోయినవాడు ఇంట తలవంచుకొనుట ఏ ధర్మము?

2024లో తెలంగాణ ప్రభుత్వము గల్ఫు దేశములలో మరణించిన పనివాని కుటుంబమునకు 5,00,000 రూపాయల సాయమును ఏర్పరచుచు ఉత్తర్వు ఇచ్చినది. అది ఉచితమైన పని. ఐతే మరణించినవానిపై చూపు ఆదరము, బ్రతికి వచ్చినవానిపై కూడ చూపవలసియున్నది. ప్రభుత్వము ఉత్తర్వుతో సొమ్ము ఇయ్యగలదు. ఆదరము ఇయ్యవలసినది బంధువులు, ఊరివారు, మఠము.

ఈ విషయమున ఇంటి స్త్రీ స్థానమును మరచుట తగదు. భర్త గల్ఫులో ఉన్న ఇండ్లలో పెక్కింట భార్య చాటలో తునికాకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుట్టి సంసారము నడుపుచున్నది. సేద్యము, పిల్లల చదువు, అత్తమామల మందులు, మిత్తివాడు వచ్చినపుడు సమాధానము చెప్పుట, ఇవియన్నియు ఆమెవే. ఆమె కష్టమును ఎవరును "దుబాయి సంపాదన"లో లెక్కింపరు. ఐనను అప్పు తెచ్చునపుడు ఆమెతో సంప్రదించు ఇండ్లు తక్కువ. ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట కాయకముగా పెట్టుకొన్నాడు. ఒకనాడు అవసరమునకు మించి తేగా, అధికమైన బియ్యమును తిరిగి అచ్చటనే ఉంచి రమ్మని లక్కమ్మ చెప్పినది. అతడు వినినాడు. భర్త తెచ్చినది ఎట్లు వచ్చినది, ఎంత అవసరము, ఎంత చాలును అని విచారించు అధికారము ఆమెకు ఉన్నదని ఆ కథ తెలుపుచున్నది. ఎంత అప్పు తేవలెను, ఎన్నేండ్లు ఉండవలెను, ఎంత కూడినచో తిరిగి రావలెను అను మూడు మాటలు ప్రయాణమునకు ముందే భార్యాభర్తలు కలిసి నిర్ణయించుకొన్నచో, తిరిగి వచ్చు దినమునకు ఒక హద్దు ఏర్పడును. హద్దు లేని ప్రయాణములో ఇల్లు పెద్దదగును గాని, ఇంటివాడు ఆ ఇంట ఉండడు.

"అప్పు లేక బీదవాడు ఎట్లు పోగలడు? ఇవన్నియు కలవారి మాటలు" అని ఎవరైన అనవచ్చును. ఆ ఆక్షేపణలో సత్యమున్నది. చేతిలో లేనివానికి నీతి చెప్పుట సులభము, సొమ్ము చూపుట కష్టము. కాని దాసోహము అను మాటకు పని పడునది ఇచ్చటనే. దాసోహమనగా పండుగనాడు అన్నము పెట్టుట మాత్రమే కాదు. పదిమంది కుటుంబీకులు కలిసి, చట్టబద్ధమైన రుసుమునకు చాలినంత సొమ్మును మిత్తి లేక ఇచ్చి, అతడు సంపాదించి తిరిగి కట్టగా మరొకనికి ఇచ్చుట కూడ దాసోహమే. పైన చూపిన లెక్క ప్రకారము ఒకని అప్పు ఆరు నెలలలో తిరిగి వచ్చును. ఒకే సొమ్ము ఏటికి ఇద్దరికి పనికివచ్చును. మఠములకు ఇంకొక శక్తి కలదు. అది జనుల నమ్మకము. ఏజెంటుకు అనుమతి సంఖ్య ఉన్నదా లేదా అని ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పట్టికలో చూచుటకు, ఒప్పందమును తెలుగులో చదివి వినిపించుటకు, రాష్ట్ర ప్రభుత్వ సంస్థయైన టామ్‌కామ్‌లో విచారించుటకు, ఆపద కలిగినపుడు రాయబార కార్యాలయమునకు అర్జీ వ్రాసి పంపుటకు చదువుకొన్న యువకులు ఇద్దరు చాలుదురు. వారానికి ఒక దినము మఠపు అరుగు మీద వారు కూర్చున్నచో, అది చిన్న పని కాదు.

తిరిగి వచ్చినవానికి కూడ అచ్చటనే చోటుండవలెను. అతడు గల్ఫులో నేర్చిన ఇనుపపని, విద్యుత్తుపని, వాహనము నడుపుట ఇచ్చట ఎవరికి అవసరమో విచారించి చెప్పువారుండవలెను. "ఎంత తెచ్చినావు?" అను ప్రశ్నకు బదులు "ఎట్లున్నావు, ఏ పని నేర్చినావు?" అని అడుగు పెద్దలుండవలెను. రుక్కము తేనివానికి పెండ్లిలో, పంక్తిలో తక్కువ స్థానము చూపు ఇండ్లు, కాయకమును గూర్చి ఎంత వినినను ఫలము లేదు.

కావున మొదటి ప్రశ్నకు సమాధానము ఇట్లు చెప్పుకొనవచ్చును. జక్రాన్‌పల్లి యువకుడు దోహాలో పోయు కాంక్రీటు, రియాదులో నడుపు బండి, మస్కటులో ఊడ్చు వీధి కాయకము కాకపోవుటకు ఆ పనులలో ఏ కారణమును లేదు. అతడు నిజము తెలిసి పోయినచో, న్యాయమైన ఖర్చుతో పోయినచో, తన పత్రములు తన చేతనున్నచో, వద్దనుకొన్ననాడు సిగ్గులేక ఇల్లు చేరగలిగినచో, అతడు చేయునది కాయకమే. ఇందులో పరదేశపు యజమాని చేతిలో ఉన్నది కొంత. తక్కిన భాగము అప్పిచ్చువాని చేతను, మధ్యవర్తి చేతను, ఇంటివారి చేతను, ఊరివారి చేతను ఉన్నది. కఫీలు మనస్సు మారువరకు వేచియుండనవసరము లేకయే ఆ భాగమును ఇచ్చటివారు ఈ ఏడే సరిదిద్దుకొనవచ్చును.